ఎత్తకూడని ఫోను

"తీగ మీద చెయ్యి పడిందంటే ఊరుకునేది లేదు రూబెనన్నా."

వాసవి గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె వీపు వెనకే ఎర్ర ఫోను. రూబెన్ కటింగ్ ప్లేయరు చేతిలో పట్టుకొని ఆమెను దాటలేక, వెనక్కి పోలేక నిలబడ్డాడు.

"నేనేం జేయల్లమ్మా? పోయిన నెల దాకా ఫోను కంపెనీ మనిషిని. ఇప్పుడు సర్కారు మనిషిని. చొక్కా అదే, నిచ్చెన అదే. పైన చెప్పేటోళ్లే మారినారు. లైను తీసెయ్యమని మీ బావ రాసిచ్చినాడు. తీయకుంటే నన్నడుగుతారు."

"మా బావ ఉండేది నంద్యాలలో. ఈ ఆళ్లగడ్డ ఇంట్లో ఉండేది మేము."

"పేరు మీ బావది గదమ్మా. ఈ ఫోనూ ఆయప్ప పేరే, నంద్యాల యార్డులో ఫోనూ ఆయప్ప పేరే."

నడవలో చాప మీద అత్త రాజేశ్వరమ్మ బియ్యం చెరుగుతోంది. ఇంత గొడవ జరుగుతున్నా చేట ఆగలేదు. రాళ్లు లేని బియ్యాన్నే మళ్లీ మళ్లీ చెరుగుతోంది.

"ఎందుకు తీసెయ్యాలంటాడు వాడు?" అంది తలెత్తకుండా.

"ఛార్జీలమ్మా. కంపెనీ ఉన్నప్పుడు జోడీ ఫోన్లని ఉండె. యార్డులో ఒకటి, ఇంట్లో ఒకటి. రింగు కొట్టి పెట్టేస్తే పైసా లేదు. ఎత్తి మాట్లాడితేనే ఛార్జీ. సర్కారు కంపెనీని తీసుకున్నంక జోడీ లేదు గీడీ లేదు. దేని బాడుగ దానిదే. ఎత్తినా, ఎత్తకపోయినా, రింగు పోయిందంటే ఛార్జీ."

"మోగినందుక్కూడా దుడ్లేనా? గుళ్లో గంట కొడితే ఎవురూ అడగరే నాయనా."

"ఆడ హుండీ పెట్టినారు గదమ్మా."

వేరే రోజయితే రాజేశ్వరమ్మ నవ్వేది. ఈసారి చేటను తట్టింది, అంతే.

ఆ ఫోను ఎత్తకూడదు. అది రాజేశ్వరమ్మ భర్త మాధవయ్య బతికి ఉన్నప్పుడు పెట్టిన ఆచారం. నంద్యాలలో బండల యార్డు తలుపేసి బయల్దేరేటప్పుడు ఇంటికి ఒక్క రింగు కొట్టి పెట్టేసేవాడు. బయల్దేరినానని దాని అర్థం. ఆ రింగు విన్నాక ఇంట్లో ఎసరు పెట్టేవాళ్లు. ఆయన బస్సు దిగి కాళ్లు కడుక్కునేసరికి అన్నం పొగలు కక్కుతుండేది. ఆయన పోయాక చిన్నకొడుకు మహేశ్ అదే పద్ధతి నడిపాడు. వాసవి కాపురానికి వచ్చిన తొలివారం తెలియక ఒకసారి ఫోను ఎత్తితే, అవతల మహేశ్ నవ్వి, "దుడ్లు తినేస్తివి గదే, పెట్టెయ్ పెట్టెయ్" అన్నాడు. ఆమె మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

పోయినేడు ఇదే రోజుల్లో మహేశ్, అన్న ఓంప్రకాష్‌తో యార్డు వాటా గురించి మాటా మాటా అనుకొని ఇల్లు విడిచాడు. కొన్నాళ్లకు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లల్లో ఒక శవం తేలింది. ఓంప్రకాష్ పోయి, చొక్కా చూసి, తమ్ముడేనని చెప్పి, అక్కడే దహనం చేయించి వచ్చాడు. ఇంట్లో పదోరోజుకు బంధువులు దిగారు. తెల్లవారితే వాసవి బొట్టు తీసేస్తారనగా, ముందు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఈ ఎర్ర ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

ఇల్లంతా చల్లబడిపోయింది. రాజేశ్వరమ్మ లేచి నిలబడి, "ఆ ఫోను మోగినన్నాళ్లు నా కోడలి మొగం మీద ఎవురూ చెయ్యి పెట్టేదానికి లేదు" అంది. అని, పోయి ఎసరు పెట్టింది.

అప్పటినుంచి దినమూ ఆ వేళకు మోగుతూనే ఉంది. ఒక్క రింగు. దినమూ ఎసరు పెడుతూనే ఉన్నారు. బయల్దేరినవాడు మాత్రం ఇల్లు చేరడం లేదు.

ఈ గురువారం మహేశ్ సంవత్సరీకం. ఓంప్రకాష్ పురోహితుడికి చెప్పేశాడు. అది అయిపోతే యార్డు కాగితాలు మారతాయి. వాసవి మెడలో తాళి, నొసట బొట్టు, ఈ ఇంట్లో ఆమె కూర్చునే చోటు, అన్నీ మారతాయి.

"బేస్తవారం దాకా ఆగు రూబెనన్నా," అంది వాసవి. ఈసారి గొంతు తగ్గింది. "అంతే అడుగుతాండా."

రూబెన్ ఏదో అనబోయాడు. బయట కారు ఆగిన శబ్దం వినిపించింది.

ఓంప్రకాష్ ఈ వేళప్పుడు ఈ ఇంటికి ఎప్పుడూ రాడు. వచ్చినా మధ్యాహ్నం వచ్చి, ఎండ గోడ దిగకముందే నంద్యాల దారి పడతాడు. పొద్దు కుంకేటప్పుడు ఈ కప్పు కింద ఉండడు. ఆ సంగతి తల్లి ఏనాడో గమనించింది. నోరు తెరిచి అనలేదు.

ఇప్పుడు పొద్దు కుంకుతూ ఉంది. అతను లోపలికి వచ్చాడు. వెనక యార్డు కావలి ప్రభుదాసు, భుజం మీది తువ్వాలును చేతిలోకి తీసుకుని గడప అవతలే ఆగిపోయాడు.

"ఇంగా కొయ్యలేదా?" అన్నాడు ఓంప్రకాష్.

"అమ్మ అడ్డం నిలబడింది సావుకారీ. ఆడమనిషిని ఎట్ల తోస్తా?"

"పక్కకు రా వాసవీ."

"రాను బావా."

"ఆ ఫోన్లో నీ మొగుడు లేడు."

"మోగుతాండాది గదా."

"మోగుతాండాది. యాడ్నించి మోగుతాందో తెలుసునా నీకు?" అతను జేబులోంచి సెల్లు తీశాడు. "కంపెనీ ఉన్నన్నాళ్లు తెలిసేదానికి దారి లేకుండె. ఊరికే పోయే రింగుకు లెక్క ఎవురు పెడతారు? సర్కారు వచ్చినంక రింగు పోయిందంటే చాలు, ఛార్జీ పడిందని నాకు మెసేజి వస్తాండాది. దినామూ దీపాల యాళకు. యార్డు ఫోన్నించి ఇంటి ఫోనుకు."

చేట ఆగింది.

"యార్డు ఫోన్నించా?" అంది వాసవి.

"మన యార్డు ఆఫీసు గదిలోంచే. వాడు పోయిన్నాట్నించీ తాళమేసి ఉండే గదిలోంచి."

వాసవి గోడను అరచేతుల్తో పట్టుకుంది. ఏడాదిగా ఆ రింగు ఏ ఊరినుంచి వస్తోందో ఆమె ఊహించని చోటు లేదు. బేతంచెర్ల గనుల దగ్గర ఏదో గుడిసెలోంచి అనుకుంది. లారీ మీద దూరదేశం పోయి ఉంటాడనుకుంది. తాళమేసి ఉన్న యార్డు గది అనుకోలేదు.

"అయితే ఆయన ఆడనే ఉండాడా?"

ఆ ప్రశ్న వినగానే ఓంప్రకాష్ ముఖం తిప్పుకున్నాడు. "ఆ గదికి రెండే తాళంచెవులు. ఒగటి నా జేబులో ఉంది. రెండోది వానికాడ ఉండె. ఆ రెండోది ఎట్ల తిరుగుతాందో ఈ ముసలాయన్ని అడుగు. దావంతా అడిగినా. నోట్లో నాలిక లేనట్ల కూసున్నాడు."

ప్రభుదాసు గడప దాటలేదు. తువ్వాలు కొసన వేసిన ముడి మెల్లగా విప్పాడు. వంగి, లోపలికి చెయ్యి చాచి, తాళంచెవిని నేల మీద పెట్టాడు.

దానికి పచ్చదారం కట్టి ఉంది. చాలాచోట్ల వెలిసి, తెల్లబడింది.

"ఆ దారం నేను కట్టింది," అంది వాసవి. "ఇది నీకాడికి ఎట్లొచ్చె ప్రభుదాసన్నా? యాడున్నాడు ఆయన? చెప్పన్నా."

ప్రభుదాసు ఆమెను చూడలేదు. రాజేశ్వరమ్మను చూశాడు.

 

"ఆయప్పను అడగొద్దు," అంది రాజేశ్వరమ్మ. "నేనిచ్చినా."

"అత్తా?"

"వాడు పోయిన దినం తాళంచెవి దేవుని గూట్లో పెట్టిపోయినాడు. నువ్వు చూడకముందు నేను చూసి తీసినా." ఆమె చేటలో బియ్యాన్ని వేళ్లతో సాపు చేసింది. "మల్ల వచ్చేటోడు తాళంచెవి ఇంట్లో పెట్టిపోడు పాపా. నాకు ఆ దినమే తెలుసు."

వాసవి చూపు నేల మీది పచ్చదారం మీదికి పోయింది. 

"పదోదినానికి అందరూ వచ్చిరి. నీ గాజులు యాడ పగలగొట్టాల, ఏ ముత్తయిదువలు ముందర ఉండాల, మాట్లాడుకుంటాండ్రి. వంటింట్లో కాఫీ తాగుతా మాట్లాడుకుంటాండ్రి. మీ మామ పోయినప్పుడు నాకు చేసినారు. మీ మామ చెల్లెలే రెండు చేతులూ పట్టుకునింది. నా నొసలు ఎంత తుడిచినారంటే చర్మం లేచింది. నాకు అప్పటికి మనమరాలు పుట్టింది, ఓర్చుకొంటి. నువ్వు..." ఆగింది. "ప్రభుదాసును పిలిపించినా. తాళంచెవి ఇచ్చినా. దీపాల యాళకు ఒక్క రింగు కొట్టు, ఎవురితోనూ అనొద్దు అని చెప్పినా."

"అబద్ధం ఆడలేదమ్మా," అన్నాడు ప్రభుదాసు. వచ్చినప్పట్నుంచీ అతను నోరు తెరవడం అదే మొదలు. "నోరు తెరిచింటే గదా అబద్ధం. రింగు కొడితి, పెట్టేస్తి. కొట్టే ముందర ప్రార్థన చేసుకుంటాంటి."

"ఓహో, ప్రార్థన చేసి మోసం చేసినావా!" అన్నాడు ఓంప్రకాష్.

"నువ్వు నోరు ముయ్యి," అంది తల్లి.

వాసవి గోడ మీదనుంచి జారినట్టుగా కింద కూర్చుంది. కూర్చున్నా వీపు ఫోను తీగకే ఆనింది.

"దినామూ నేను ఆ రింగుకు ముందర మొగం కడుక్కుంటాంటి అత్తా. తల దువ్వుకుంటాంటి. నువ్వు చూస్తాంటివి గదా."

"చూస్తాంటి."

"పూలు పెట్టుకుంటాంటి."

"నేనే గదా తెప్పిస్తాంటి."

"ఒక్కమాట నాకు చెప్పింటే."

"చెప్తే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే వీళ్లకు తెలుస్తాది. తెలిసిన మొగం వేరే, తెలీని మొగం వేరే పాపా. నాకు తెలిసిన మొగమే గదా, అందుకే నేను తల వంచుకొని బియ్యం చెరుగుతాండేది."

వాసవి అత్త చేతుల్ని చూసింది. అంతసేపూ రాళ్లు లేని బియ్యం ఎందుకు చెరుగుతోందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. కోపం వెనక మరొకటి వచ్చింది. ఏది ముందు బయటపడుతుందో తెలియక పళ్లు బిగించుకుంది.

ఓంప్రకాష్ గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో ఏదో బరువు దిగినట్టుంది. "చాలు. తేలిపోయింది గదా. సచ్చిపోయినోడు ఫోన్లు కొట్టలేదు, యార్డు కావలాయన కొట్టినాడు. రూబెన్, లైను కొయ్యి. బేస్తవారం కార్యం జరుగుతాది."

"ఒగ మాట అడుగుతా," అంది తల్లి. "నువ్వు మొగం చూసినావా?"

"ఎవురి మొగం?"

"శ్రీశైలంలో. చొక్కా చూసినా అంటివి. మొగం చూసినావా?"

అతను సెల్లును ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు.

"నీళ్లల్లో నానింది. ఏం చూస్తామమ్మా?" అన్నాడు చివరికి.

రూబెన్ నిచ్చెన మీద కాలు పెట్టాడు. ప్రభుదాసు గడప మీద చెయ్యి వేశాడు.

"సావుకారీ, మీరు ఒగటి అడగల్యా."

"ఏందది?"

"నేను ఎప్పటిదాకా కొట్టినానో అడగల్యా."

"నిన్నటిదాకా కొట్టింటావు. మెసేజి ఉంది గదా."

"లేదు సావుకారీ." ప్రభుదాసు తువ్వాలును మళ్లీ ముడి వేస్తున్నాడు. అందులో ఇప్పుడు ఏమీ లేదు. "కంపెనీ సర్కారుకు పోయిన దినం ఈ రూబెనే యార్డుకు వచ్చి చెప్పినాడు. ఇంగమీద రింగు పోయినా ఛార్జీ అని, అది పెద్దసావుకారు సెల్లుకు వస్తాదని. నేను ఆ పొద్దే బస్సెక్కి వచ్చి అమ్మకు చెప్పినా. అమ్మ, ఇంగ కొట్టొద్దు, దొరికిపోతాం అనె. ఆ దినమే నిలిపేస్తి. గది తాళం మల్ల తియ్యనే లేదు."

రూబెన్ నిచ్చెన మీదనుంచి కాలు తీశాడు. "చెప్పిన మాట నిజమే సావుకారీ. నేను చెప్పినా."

ఓంప్రకాష్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మెసేజిలన్నీ సర్కారు వచ్చినంకవే," అన్నాడు, తనలో తాను అన్నట్టు.

"అవును," అన్నాడు ప్రభుదాసు.

"నువ్వు నిలిపేసినంకవే."

"అవును సావుకారీ."

రాజేశ్వరమ్మ చేట పక్కన పెట్టింది. ఆమె ముఖం బియ్యం కన్నా తెల్లగా ఉంది. "నిలిపెయ్యమని చెప్పినా మోగుతాంటే, నువ్వే మనసొప్పక కొడతాండావు అనుకొంటి ప్రభుదాసూ. నా మాట కాదని, ఈ బిడ్డ కోసం కొడతాండావు అనుకొంటి."

"లేదమ్మా. దేవుని తోడు. నేను మీతో చెప్పల్యా గానీ..." అతను ఆగాడు.

"గానీ ఏంది?"

"దీపాల యాళకు ఆ గదిలో కుర్చీ జరిగినట్ల వినపడుతుండె. ఎలకలనుకొంటి. కిటికీకాడికి పోయి చూసేదానికి నాకు కాళ్లు రాలేదు."

నేల మీద పచ్చదారం తాళంచెవి ఉంది. ఓంప్రకాష్ జేబు తడుముకున్నాడు. తన తాళంచెవిని తీశాడు. ఎందుకు తీశాడో తెలియనట్టు దాన్ని కూడా వంగి, మొదటిదాని పక్కన పెట్టాడు. రెండూ అక్కడే ఉన్నాయి. అందరూ ఆ రెంటినే చూస్తున్నారు.

వీధి దీపాలు వెలిగాయి. కిటికీలోంచి వెలుతురు నడవలో పడింది.

"నేను పోతా," అన్నాడు ఓంప్రకాష్. "చీకటి పడ్తే దావలో లారీలెక్కువ."

"కూసో," అంది తల్లి. "ఒక్కదినమన్నా ఈ యాళకు ఈడ కూసో."

అతను కూర్చోలేదు. పోనూ లేదు.

"వాసవీ, పక్కకు జరుగు. రూబెన్, ఏం చూస్తాండావు? కొయ్యి!"

రూబెన్ కదల్లేదు. "నా చేత కాదు సావుకారీ. కావల్నంటే ఆఫీసులో వేరే మనిషిని అడుగుకోండి." ప్లేయరును సంచిలో వేసుకున్నాడు.

ఓంప్రకాష్ తానే రెండడుగులు ముందుకు వేశాడు. తీగను చేత్తో పీకేసేలా ఉన్నాడు. వాసవి లేచి నిలబడింది.

అప్పుడు మోగింది.

ఒక్క రింగు. గోడ మీద ఎర్ర ఫోను మామూలుగానే మోగింది, ఏడాదిగా మోగినట్టే. ఆ వెంటనే ఓంప్రకాష్ చేతిలో సెల్లు టింగుమంది.

అతను సెల్లును చూసుకున్నాడు. చదవలేదు. చదవాల్సిన పని లేదు, యార్డు ఫోన్నించే.

రాజేశ్వరమ్మ చెయ్యి అలవాటుగా బియ్యం చేట మీదికి పోయింది. ఒక్క రింగుతో ఆగిపోతుంది. ఎప్పుడూ అంతే.

ఆగలేదు.

రెండోది మోగింది. మూడోది మోగింది. ప్రభుదాసు గడప బయట తలపాగా లేని తల వంచి, పెదాలు కదిలిస్తున్నాడు.

"ఎత్తొద్దు," అన్నాడు ఓంప్రకాష్. ఆ గొంతు అతనిది కాదనిపించింది. "వాసవీ, ఎత్తొద్దమ్మా." ఆమెను అమ్మా అని అతను పిలవడం అదే మొదలు.

వాసవి అత్తను చూసింది. కాపురానికి వచ్చిన తొలివారం చేసిన తప్పు గుర్తుకొచ్చింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి, చూడకుండానే రిసీవరు ఎత్తింది.

హలో అనలేదు. చెవికి ఆనించుకుంది.

ఆమె ముఖంలో ఏమి మారిందో చూద్దామని నలుగురూ చూశారు. ఏమీ మారలేదు. వింటోంది. ఒకసారి కళ్లు మూసుకుంది. తెరిచింది. ఊఁ అంది. మళ్లీ ఊఁ అంది.

రిసీవరును చెవి నుంచి తీసి, చుట్టలు తిరిగిన తీగ సాగినంత మేరా ముందుకు చాచింది.

"బావా, నీకే."

"ఎవురు?"

ఆమె చెప్పలేదు. అతనివైపు చూడనే లేదు. చాచిన చెయ్యి అలాగే ఉంది. రిసీవరులోంచి ఏ చప్పుడూ బయటికి రావడం లేదు, అవతల ఎవరో ఓపిగ్గా కాచుకొని ఉన్నట్టు.

"ఎవురు వాసవీ?"

వాసవి రెండో చేత్తో నొసటి బొట్టును సరిచేసుకుంది.

"అత్తా," అంది, "ఎసరు పెట్టు."